మహమ్మారి లెక్కలు: మోడల్ తప్పిందా, మనమే దాన్ని తప్పించామా?

2020 మార్చి 16న లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ నుంచి నీల్ ఫెర్గూసన్ టీమ్ ఒక రిపోర్ట్ బయటపెట్టింది. ఎవరూ ఏమీ చేయకుండా వదిలేస్తే కోవిడ్ వల్ల బ్రిటన్‌లో సుమారు 5 లక్షల 10 వేల మంది, అమెరికాలో సుమారు 22 లక్షల మంది చనిపోతారని అందులో లెక్క. ఆ వేవ్‌లో అంతమంది చనిపోలేదు. ఇక అప్పట్నుంచి ఇదే గొడవ, "చూశారా ఊరికే భయపెట్టారు, లెక్కలన్నీ తప్పు" అని కొందరు, "ఆ లెక్క వల్లే బతికిపోయాం" అని ఇంకొందరు. ఇద్దరూ ఆ రిపోర్ట్‌లో ఒక ముక్క మర్చిపోతున్నారని నాకనిపిస్తుంది. "ఏమీ చేయకుండా వదిలేస్తే" అనే ముక్క.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు మహమ్మారుల మీద ఒక కొత్త ఒప్పందానికి ఒప్పుకున్నాయి, జబ్బుని ముందే పసిగట్టడం, ముందే అడ్డుకోవడం అనే మాటలు అందులోనూ ఉన్నాయి. వినడానికి బానే ఉంటుంది, కానీ "ముందే" అంటే ఎప్పుడు? కేసులు పది ఉన్నప్పుడా, వెయ్యి ఉన్నప్పుడా? ఆ వెయ్యి కూడా నిజంగా వెయ్యేనా? ఇవి తేలాలంటే ఇలాంటి అంచనాలు కట్టే లెక్కల పద్ధతి, అంటే మోడల్ అనేది ఏంటో కాస్త లోపలికెళ్లి చూడాలి. లెక్కలంటే భయపడక్కర్లేదు, కూడికలు గుణకారాలు వస్తే చాలు.

మోడల్ అంటే జోస్యం కాదు

రేపు వాన పడుతుందని వాతావరణ శాఖ చెప్తే మనం గొడుగు తీసుకెళ్లినా, ఇంట్లో కూర్చున్నా ఆ వాన మారదు. జబ్బు అలా కాదు, మనం ఏం చేస్తామో దాన్ని బట్టి అది పెరగడమో తగ్గడమో జరుగుతుంది. కేసులు పెరుగుతాయని వినగానే జనం బయట తిరగడం తగ్గిస్తారు, జనం తిరగడం తగ్గగానే కేసులు తగ్గుతాయి, అప్పుడు ముందు చెప్పిన అంకె "తప్పు" అయిపోతుంది. అందుకే ఈ పని చేసేవాళ్లు రెండు మాటల్ని వేరువేరుగా వాడతారు. ఇప్పుడున్న పరిస్థితి చూసి వచ్చే ఒకట్రెండు వారాల్లో ఏం జరగొచ్చో చెప్పేది ఫోర్‌కాస్ట్. "ఇలా చేస్తే ఇంత, అలా చేస్తే అంత" అని దారులన్నీ పక్కపక్కన పెట్టి చూపించేది ప్రొజెక్షన్. ఇంపీరియల్ రిపోర్ట్‌లోని 5 లక్షల 10 వేలు రెండో రకం. అదే రిపోర్ట్‌లో రకరకాల చర్యలు తీసుకుంటే ఎంత తగ్గుతుందో కూడా ఉంది, కానీ వార్తల్లోకెక్కింది మాత్రం ఆ ఒక్క పెద్ద అంకె.

ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. మలేరియా దోమల వల్ల వస్తుందని 1897లో సికింద్రాబాద్‌లో కనిపెట్టిన రొనాల్డ్ రాస్ ఆ తర్వాత లెక్కల్లోకి దిగాడు. దోమలన్నిటినీ చంపాల్సిన పని లేదు, వాటి సంఖ్య ఒక హద్దు కంటే కిందికి తీసుకొస్తే మలేరియా తనంతట తనే తగ్గిపోతుందని లెక్క కట్టి చూపించాడు. దోమలన్నీ ఎలాగూ చావవు కాబట్టి ఏం చేసినా దండగే అనేవాళ్లకి అది గట్టి జవాబు. తర్వాత 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే ఇద్దరు, జబ్బు ఎలా పెరిగి ఎలా తగ్గుతుందో చూపించే సమీకరణాలు ఇచ్చారు. వాటిని సరిచూసుకోడానికి వాళ్లు తీసుకున్నది 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాల లెక్క. ఈ రోజు వాడే మోడళ్లలో చాలా వాటికి మూలం అదే.

వెయ్యి మంది ఉన్న ఊళ్లో జబ్బు నడిచే తీరు

ఊళ్లో వెయ్యి మంది ఉన్నారనుకుందాం. వాళ్లని మూడు గుంపులు చేద్దాం: ఇంకా సోకనివాళ్లు, ఇప్పుడు జబ్బుతో ఉండి ఇతరులకి అంటించగలిగేవాళ్లు, కోలుకున్నవాళ్లు. ఈ మూడు గుంపుల ఇంగ్లిష్ పేర్లలో మొదటి అక్షరాలు కలిపి దీన్ని ఎస్ఐఆర్ మోడల్ అంటారు. ఇప్పుడు మనకి రెండు అంకెలు చాలు. చుట్టూ అందరూ సోకనివాళ్లే అయితే ఒక రోగి రోజుకి సగటున అర మనిషికి, అంటే రెండు రోజులకి ఒకరికి అంటిస్తాడు. జబ్బు ఐదు రోజులుంటుంది, అంటే రోజుకి రోగుల్లో ఐదో వంతు కోలుకుంటారు.

ఒక రోజు పొద్దున చూస్తే 10 మంది రోగులున్నారు, సోకనివాళ్లు సుమారు 980. ఆ రోజు కొత్తగా ఎంతమందికి వస్తుంది? పదిని అరతో గుణిస్తే ఐదు, ఎదురయ్యేవాళ్లు దాదాపు అందరూ సోకనివాళ్లే కాబట్టి ఆ ఐదులో పెద్దగా తగ్గదు. అదే రోజు ఇద్దరు కోలుకుంటారు. పదికి ఐదు కలిపి రెండు తీసేస్తే 13. మర్నాడు ఆ 13తో మళ్లీ ఇదే లెక్క, సుమారు 17. రోజూ ఇదే పని, అంతే. కంప్యూటర్ చేసేది కూడా మూలంలో ఇదే, కాకపోతే వయసులు, ఇళ్లు, స్కూళ్లు, ప్రయాణాలు అన్నీ కలిపి లక్షల సార్లు చేస్తుంది.

ఒక రోగి తనకి జబ్బున్నంత కాలం మొత్తం మీద ఎంతమందికి అంటిస్తాడు? రోజుకి అర, ఐదు రోజులు, అంటే రెండున్నర. ఊళ్లో ఎవరికీ ఇమ్యూనిటీ లేనప్పుడు ఉండే ఈ అంకెనే ఆర్ నాట్ అంటారు, రోజులు గడిచేకొద్దీ, జనం మారేకొద్దీ మారే అంకెని ఉత్తినే ఆర్ అంటారు. మొదటి రకం కోవిడ్‌కి ఆర్ నాట్ సుమారు రెండున్నర నుంచి మూడు ఉంటుందని అంచనా, తట్టుకి 12 నుంచి 18 అని మామూలుగా చెప్తారు. ఆర్ ఒకటి కంటే ఎక్కువుంటే జబ్బు పెరుగుతుంది, ఒకటి కంటే తక్కువైతే తగ్గుతుంది. చర్యలన్నీ చివరికి ఈ ఒకటి అనే గీత కోసమే.

మన ఊళ్లో ఏమీ చేయకుండా వదిలేద్దాం. సోకనివాళ్లు తగ్గేకొద్దీ రోగికి ఎదురయ్యేవాళ్లలో చాలామంది అప్పటికే జబ్బు పడి లేచినవాళ్లు అవుతారు, సోకనివాళ్లు 400కి పడిపోయిన రోజు ఆర్ సరిగ్గా ఒకటి అవుతుంది. అంటే 600 మందికి, నూటికి 60 మందికి వచ్చాక కేసులు తగ్గుముఖం పడతాయి. హెర్డ్ ఇమ్యూనిటీ హద్దు అనేది ఇదే. ఇక్కడ చాలామంది పొరబడతారు, నూటికి 60 దగ్గర జబ్బు ఆగిపోతుందని అనుకుంటారు. ఆగదు. ఆ రోజుకి ఊళ్లో 230 మందికి పైగా రోగులు ఒకేసారి ఉంటారు, వాళ్లు ఇంకా అంటిస్తూనే ఉంటారు, కొండ దిగే బండికి బ్రేక్ వేసినా కొంత దూరం జారినట్టు జబ్బు ముందుకి పోతూనే ఉంటుంది. మొత్తం ముగిసేసరికి సుమారు 890 మందికి వచ్చి ఉంటుంది.

ఇప్పుడు అదే ఊళ్లో మొదటి నుంచే కలవడం కొంచెం తగ్గించి ఆర్‌ని ఒకటిన్నరకి దించామనుకుందాం. మొత్తం మీద జబ్బు పడేవాళ్లు 890 నుంచి సుమారు 580కి తగ్గుతారు, అది మంచిదే, కానీ అసలు తేడా ఇంకోచోట ఉంది. ఒకేసారి జబ్బుతో ఉండేవాళ్లు 230 నుంచి సుమారు 65కి పడిపోతారు. నూటికి ఐదుగురికి ఆస్పత్రి మంచం కావాలి, ఊళ్లో ఉన్నవి నాలుగు మంచాలే అనుకోండి. మొదటి లెక్కలో ఒకే రోజు పన్నెండు మందికి మంచం కావాలి, ఎనిమిది మందికి దొరకదు. రెండో లెక్కలో ముగ్గురికి కావాలి, ముగ్గురికీ దొరుకుతుంది. 2020లో అందరి నోటా నానిన "కర్వ్‌ని ఫ్లాట్ చేయడం" అంటే ఇదే. అదే జబ్బు, అదే ఊరు, అవే మంచాలు, మంచం దొరక్క పోయే ప్రాణాలు మాత్రం పోవు.

ఈ రోజు మనకి కనిపించేది మూడు వారాల కిందటి జబ్బు

నన్నడిగితే ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది.

కోవిడ్ లాంటి జబ్బులో ఈ రోజు సోకితే లక్షణాలు రావడానికి సగటున ఐదు రోజులు, ఆస్పత్రికి చేరేంత ముదరడానికి ఇంకో వారం, ప్రాణం పోయేసరికి సోకిన రోజు నుంచి దాదాపు మూడు వారాలు. ఇప్పుడు ఒక ప్రాంతంలో మొదటి మరణం నమోదైందనుకోండి. ఒక్కరే కదా పోయింది, ఇప్పుడే అన్నీ మూసేయాలా అని అడగడం సహజం. లెక్క వేద్దాం. సోకిన వందమందిలో ఒకరు చనిపోయే జబ్బు అనుకుంటే, ఆ ఒక్కరు పోయారంటే మూడు వారాల కింద ఆయనతో పాటు సుమారు వందమందికి సోకి ఉండాలి. కేసులు నాలుగు రోజులకోసారి రెట్టింపవుతుంటే ఈ ఇరవై రోజుల్లో ఐదు సార్లు రెట్టింపవుతాయి. 100, 200, 400, 800, 1600, 3200. కనిపించింది ఒక మరణం, ఆ రోజుకి రోజూ సోకుతున్నది మాత్రం అప్పటికంటే 32 రెట్లు.

ఇంకో ఇబ్బంది ఏంటంటే ఈ రోజే అన్నీ ఆపేసినా మరణాలు మూడు వారాల పాటు పెరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే ఆ మరణాలకి కారణమైన సోకడం ఎప్పుడో జరిగిపోయింది. ఆ మూడు వారాల్లో "ఇంత చేసినా ఏం ప్రయోజనం, పెరుగుతూనే ఉన్నాయి కదా" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఈ లెక్క తెలియనివాళ్లకి అది న్యాయమైన మాటలాగే ఉంటుంది, వాళ్లని తప్పుపట్టలేం, ఎవరో ఒకరు ముందే కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది.

ఎనిమిది రోజులు ఆగితే నెల రోజుల బాకీ

జబ్బు పైకెక్కినంత వేగంగా కిందికి దిగదు. కేసులు పెరిగేటప్పుడు నాలుగు రోజులకి రెట్టింపు అవుతున్నాయి, గట్టి చర్యలు పెట్టాక పన్నెండు రోజులకి సగం అవుతున్నాయి అనుకుందాం. ఈ రోజు మనం చర్యలు మొదలుపెట్టొచ్చు, లేదా ఇంకో ఎనిమిది రోజులు చూద్దాం అనుకోవచ్చు. ఆ ఎనిమిది రోజుల్లో కేసులు రెండుసార్లు రెట్టింపై నాలుగింతలు అవుతాయి. మళ్లీ ఈ రోజున్న చోటికి రావాలంటే రెండుసార్లు సగం కావాలి, అంటే 24 రోజులు. ఎనిమిదీ ఇరవైనాలుగూ కలిపితే 32. ఈ రోజు మనం నిలబడ్డ చోటికే 32 రోజుల తర్వాత చేరతాం, ఈలోపు అందులో 24 రోజులు షాపులు, బళ్లు మూసుకుని గడిపి ఉంటాం.

అందుకే "జీవనోపాధి కోసం కొన్నాళ్లు ఆగుదాం" అనే వాదన నాకు సగమే సరైనదిగా కనిపిస్తుంది. చర్య ఎలాగూ తీసుకోవాల్సిందే అని ముందే తేలిపోతే ఆగడం వల్ల జీవనోపాధి దెబ్బ తగ్గదు, పెరుగుతుంది. చర్య అసలు అవసరం లేదని తేలే అవకాశం ఉన్నప్పుడే ఆగడానికి అర్థం ఉంటుంది. అసలు చర్చ జరగాల్సింది అక్కడ.

దీనికి నిజం లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో చర్యలు ఒక్క వారం ముందు మొదలై ఉంటే 2020 మే 3 నాటికి సుమారు 36 వేల మరణాలు తగ్గేవని కొలంబియా యూనివర్సిటీ వాళ్లు మొదట లెక్కగట్టారు. బ్రిటన్‌లో లాక్‌డౌన్ మార్చి 23న కాకుండా వారం ముందు పెట్టి ఉంటే మొదటి వేవ్ మరణాలు కనీసం సగానికి తగ్గేవని ఫెర్గూసన్ ఆ జూన్‌లో పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు. ఇవి కూడా మోడళ్ల నుంచి వచ్చిన అంచనాలే, కళ్లతో చూసిన నిజాలు కావు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

న్యూజిలాండ్ ఇంకో దారి పట్టింది. 2020 మార్చి 23న 102 కేసులున్నప్పుడు, ఒక్క మరణం కూడా లేనప్పుడు లాక్‌డౌన్ ప్రకటించి 25వ తేదీ రాత్రి నుంచి అమలు చేశారు. జూన్ 8కి దేశంలో యాక్టివ్ కేసులు సున్నా, ఆ అర్ధరాత్రితో లోపల ఆంక్షలు దాదాపు అన్నీ ఎత్తేశారు, సరిహద్దులు తప్ప. సముద్రం మధ్యలో ఉన్న, జనం తక్కువున్న దేశం కాబట్టి కుదిరిందనే మాటలో నిజం ఉంది. కానీ బ్రిటన్ కూడా ద్వీపమే, ఆ సంగతీ మర్చిపోకూడదు.

1918లో రెండు ఊళ్లు

కంప్యూటర్లు లేని కాలం నుంచి ఒక ఉదాహరణ చూద్దాం. 1918 ఇన్‌ఫ్లుయెంజా అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సెప్టెంబర్ 17న మామూలు జనంలో బయటపడింది. అధికారులు అంత పట్టించుకోలేదు. సెప్టెంబర్ 28న యుద్ధ బాండ్ల కోసం పెద్ద ఊరేగింపు జరిగింది, వీధుల్లో సుమారు 2 లక్షల మంది. బళ్లు, చర్చిలు, థియేటర్లు మూసింది అక్టోబర్ 3న. అమెరికాలోనే ఇంకో నగరం సెయింట్ లూయిస్‌లో మొదటి కేసులు అక్టోబర్ 5న బయటపడితే రెండు రోజుల్లో, 7వ తేదీకే అన్నీ మూయడం మొదలుపెట్టారు. ఫిలడెల్ఫియాలో అత్యంత దారుణమైన వారంలో లక్ష జనాభాకి 257 మంది పోయారు, సెయింట్ లూయిస్‌లో అదే స్థాయి వారంలో 31 మంది.

కథ ఇక్కడితో ఆపేసి "చూశారా" అనడం తేలిక, చాలామంది అదే చేస్తారు. కానీ సెయింట్ లూయిస్‌లో ఆంక్షలు సడలించాక జబ్బు మళ్లీ లేచింది, రెండో పీక్ వచ్చింది. ఎందుకో వెయ్యి మంది ఊరి లెక్క చూస్తే తెలిసిపోతుంది, మొదట కాపాడుకున్నవాళ్లంతా ఇంకా సోకనివాళ్లే కదా, తలుపు తీయగానే జబ్బుకి దారి దొరికింది. ముందే ఆపడం అంటే సమయం కొనుక్కోవడం. ఆ కొన్న సమయంలో టీకా రావాలి, లేదా మందు రావాలి, ఆస్పత్రులు సిద్ధం కావాలి, టెస్టింగ్ పెరగాలి. ఏదీ జరక్కపోతే కొన్న సమయం కరిగిపోతుంది. 1918లో వాళ్లకి టీకా లేదు. అయినా నెమ్మదిగా వచ్చిన జబ్బు తక్కువమందిని తీసుకెళ్లింది, చాలా నగరాల లెక్కలు పక్కపక్కన పెట్టి 2007లో చూసినప్పుడు, తొందరగా నాలుగైదు చర్యలు కలిపి తీసుకున్న చోట్ల పీక్ మరణాల రేటు సుమారు సగమే ఉంది.

ఒకే మందు అన్ని జబ్బులకీ పనిచేయదు

2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు పలు దేశాలకి పాకింది. దానికీ ఆర్ నాట్ రెండు మూడు మధ్యే, కోవిడ్ లాగే. కానీ సుమారు 8,100 కేసులు, 774 మరణాలతో కొన్ని నెలల్లో ఆగిపోయింది. ఎందుకు? సార్స్ వచ్చినవాళ్లు జ్వరం మొదలైన కొన్ని రోజుల తర్వాతే ఎక్కువగా అంటించేవాళ్లు, అప్పటికి వాళ్లు మంచమెక్కి ఉండేవాళ్లు. జ్వరం వచ్చినవాళ్లని విడిగా పెడితే చాలు, గొలుసు తెగిపోయేది. కోవిడ్‌లో లక్షణాలు రాకముందు రోజు రెండు రోజుల్లోనే బాగా అంటుకుంటుంది, అసలు లక్షణాలే రానివాళ్లూ అంటిస్తారు. జ్వరం చూసే థర్మామీటర్ గన్ సార్స్‌ని కొంతైనా పట్టుకుంటుంది, కోవిడ్‌ని చాలావరకు వదిలేస్తుంది. అందుకే ఆర్ నాట్ ఒక్కటే చూసి జబ్బు ఎంత ప్రమాదమో తేల్చలేం, మనిషికి తెలియకముందే ఎంత అంటిస్తున్నాడు అన్నది కూడా చూడాలి.

సగటు అనేది కూడా మోసం చేస్తుంది. ఆర్ రెండున్నర అంటే ప్రతి రోగీ రెండున్నర మందికి అంటిస్తాడని కాదు. చాలామంది ఎవరికీ అంటించరు, కొద్దిమంది ఒకేసారి పదులమందికి అంటిస్తారు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాజిట్ కౌంటీలో ఒక పాటల బృందం రిహార్సల్‌కి 61 మంది వచ్చారు, వాళ్లలో ఒకరికి జలుబు లాంటి లక్షణాలున్నాయి. రెండున్నర గంటలు గదిలో పక్కపక్కన కూర్చుని పాడారు. తర్వాత లెక్క తీస్తే 53 మందికి కోవిడ్, ఖాయమైనవి 33, లక్షణాలని బట్టి అనుకున్నవి 20. ఇద్దరు చనిపోయారు. ఇది తెలిశాక ముందస్తు చర్య అంటే ఏంటన్న దాని అర్థమే మారిపోతుంది. ఊరంతా మూయక ముందే, గాలాడని గదిలో జనం గుంపుగా గట్టిగా మాట్లాడే, పాడే సందర్భాలు ఆపితే తక్కువ నష్టంతో ఎక్కువ ఫలితం వస్తుంది. జపాన్ వాళ్లు మొదట్లోనే మూసిన గదులు, గుంపులు, దగ్గరగా మాట్లాడుకోవడం, ఈ మూడూ వద్దని జనానికి చెప్పడం వెనక ఉన్న ఆలోచన ఇదే. సగటు మీదే నడిచే సాదా మోడల్ ఈ సంగతి చెప్పలేదు, దానికి వేరే రకం మోడల్ కావాలి.

మోడళ్లు నిజంగానే తప్పిన సందర్భాలు

2014 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ఇదే వేగంతో పోతే 2015 జనవరి 20 నాటికి లైబీరియా, సియెర్రా లియోన్ రెండిట్లో కలిపి 5 లక్షల 50 వేల కేసులు, నమోదు కానివి కూడా కలుపుకుంటే 14 లక్షల దాకా కావచ్చని చెప్పింది. గినీతో కలిపి మూడు దేశాల్లో జబ్బు పూర్తిగా ముగిసేసరికి తేలినవి సుమారు 28,600 కేసులు, 11,300 మరణాలు. తేడా చాలా పెద్దది. అదే రిపోర్ట్‌లో ఇంకో మాట కూడా ఉంది, రోగుల్లో నూటికి 70 మందిని విడిగా ఉంచి, అంత్యక్రియలు సురక్షితంగా చేస్తే జనవరికల్లా జబ్బు దాదాపు ఆగిపోతుందని. సాయం వెళ్లింది, ఊళ్లలో జనం కూడా అంత్యక్రియల పద్ధతి మార్చుకున్నారు. పెద్ద అంకె సాయాన్ని కదిలించిందని కొందరంటారు, భయంతో జనం తమంతట తామే మారతారన్న సంగతి మోడల్‌లో లేకపోవడం లోపమే అని ఇంకొందరంటారు. నా లెక్కలో రెండూ నిజమే.

దీనికి ఉల్టా తప్పు కూడా జరిగింది. 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని ఐహెచ్ఎంఈ అనే సంస్థ, ఆగస్టు నాటికి దేశంలో కోవిడ్ మరణాలు సుమారు 60 వేలు ఉండొచ్చంది. మే చివరికే లక్ష దాటాయి. అప్పట్లో వాళ్ల మోడల్ జబ్బు ఎలా అంటుకుంటుందో లెక్కగట్టలేదు, వేరే చోట్ల మరణాల గీత ఎలా లేచి ఎలా పడిందో చూసి అదే ఆకారాన్ని ఇక్కడ సర్దింది. ఎక్కినంత వేగంగా దిగుతుందని ఆ గీత చెప్పింది, జబ్బు అలా దిగదని పైన చూశాం కదా.

పనికొచ్చే మోడల్‌ని గుర్తుపట్టడానికి నేను చూసేవి కొన్నే: ఒకే అంకె చెప్తోందా, లేక ఇంత నుంచి ఇంత అని హద్దులు ఇస్తోందా, ఏయే ఊహలు పెట్టుకుందో బయటపెట్టిందా, కొత్త డేటా రాగానే తన అంకె మార్చుకుంటోందా. అంకె మార్చుకుంటే జనం "మాట మార్చారు" అంటారు, నాకు మాత్రం అది నమ్మకం పెంచే విషయం.

ముందే కదిలితే ఖర్చు లేదా?

ఉంది, తక్కువేం కాదు. 1976లో అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూతో ఒక సైనికుడు చనిపోయాడు. 1918 మళ్లీ వస్తుందేమోనని దేశం మొత్తానికి టీకాలు మొదలుపెట్టి 4 కోట్ల మందికి పైగా వేశారు. మహమ్మారి రాలేదు. టీకా వేసుకున్న లక్ష మందిలో సుమారు ఒకరికి గిలియన్ బారీ అనే నరాల జబ్బు అదనంగా వచ్చిందని తేలి కార్యక్రమం ఆపేశారు. 2009లో హెచ్1ఎన్1 అనే కొత్త ఫ్లూని ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 11న మహమ్మారిగా ప్రకటించింది, అది భయపడినంత తీవ్రంగా లేకపోయేసరికి ఎందుకంత హడావిడి అని చాలా విమర్శలొచ్చాయి. ఇక కోవిడ్‌లో బళ్లు మూయడం వల్ల 2020 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకి పైగా పిల్లల చదువు ఆగింది. రోజు కూలితో బతికేవాళ్లకి ఇంట్లో ఉండడం అనేదే పెద్ద శిక్ష, వాళ్లకి డబ్బు, తిండి అందే ఏర్పాటు చేయకుండా పెట్టిన ఆంక్ష కాగితం మీద ఎంత బాగున్నా నిలబడదు.

2020 మార్చిలోనే స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్, సరైన డేటా లేకుండా ఇంత పెద్ద నిర్ణయాలు తీసుకోవడం ప్రమాదం అని గట్టిగా రాశాడు. అదే వారం అటూ ఇటూగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి మైక్ రయన్, కదలడానికి ముందు అంతా కరెక్టని తేలాలనుకుంటే ఎప్పటికీ గెలవలేమని చెప్పాడు. ఒకరిది తప్పుగా కదిలితే ఏమవుతుందన్న భయం, ఇంకొకరిది కదలకపోతే ఏమవుతుందన్న భయం. నేను రెండో వైపు మొగ్గుతా, కారణం ఆ 32 రోజుల లెక్కే. అవసరం లేదని తేలితే చర్యని వెనక్కి తీసుకోవచ్చు, సోకిన జబ్బుని వెనక్కి తీసుకోలేం. కానీ వెనక్కి తీసుకోవడం నిజంగా జరగాలి, ఏ అంకె దగ్గర పెడతాం, ఏ అంకె దగ్గర తీస్తాం అని ముందే చెప్పకుండా పెట్టిన ఆంక్షలు నెలల తరబడి సాగిపోతాయి, అప్పుడు మొదటి వైపు వాళ్లు చెప్పేదే నిజమవుతుంది.

ఎంత మేలు జరిగిందో తేల్చడం కూడా చిక్కే. 11 యూరప్ దేశాల్లో 2020 మే మొదటి వారం నాటికి చర్యల వల్ల 31 లక్షల మరణాలు తప్పాయని ఇంపీరియల్ వాళ్లే లెక్కగట్టారు. ప్రభుత్వం చెప్పకముందే జనం భయంతో బయటికి రావడం మానేశారు కదా, ఆ మేలంతా లాక్‌డౌన్ ఖాతాలో వేస్తారా అని ఇతర శాస్త్రవేత్తలు అడిగారు, సరైన ప్రశ్నే. ఇలాంటప్పుడు అందరూ చూపించేది స్వీడన్‌ని. అక్కడ పూర్తి లాక్‌డౌన్ పెట్టలేదు, చిన్న పిల్లల బళ్లు తెరిచే ఉంచారు, కానీ 50 మందికి మించి గుమిగూడొద్దన్నారు, పెద్ద తరగతులని ఇంటి నుంచి చదవమన్నారు. 2020లో పక్కనున్న నార్వే, ఫిన్లాండ్, డెన్మార్క్ కంటే అక్కడ జనాభా లెక్కన చాలా ఎక్కువమంది చనిపోయారు. 2020 నుంచి 2022 దాకా మూడేళ్లూ కలిపి మామూలు కంటే అదనంగా జరిగిన మరణాలు చూస్తే మాత్రం యూరప్‌లో తక్కువున్న దేశాల్లో స్వీడన్ ఒకటి. ఏ ఏడాది దగ్గర ఆపి చూపిస్తారో దాన్ని బట్టి స్వీడన్ ఎవరి వాదనకైనా పనికొస్తుంది.

అసలు "ముందు" ఎక్కడ మొదలవుతుంది

2005లో ఫెర్గూసన్ టీమ్ ఇంకో లెక్క చేసింది. థాయ్‌లాండ్‌లో కొత్త ఫ్లూ పుడితే దాన్ని పుట్టిన చోటే ఆపగలమా అని. ఆర్ నాట్ 1.8 కంటే తక్కువుండి, మొదటి పదుల కేసుల్లోనే పసిగట్టి, 30 లక్షల మంది వాడేంత యాంటీవైరల్ మందు దగ్గరుంచుకుని చుట్టుపక్కల పంచితే ఆపొచ్చని తేలింది. నాలుగేళ్ల తర్వాత నిజంగానే కొత్త ఫ్లూ వచ్చింది, ఆసియాలో కాదు, ఉత్తర అమెరికాలో. 2009 ఏప్రిల్‌లో అది కొత్త వైరస్ అని గుర్తించేసరికే మెక్సికోలోనూ అమెరికాలోనూ పాకిపోయి ఉంది. ఆపగలిగే అవకాశం, దాన్ని చూసేలోపే చేజారిపోయింది. మోడల్ తప్పు లెక్క చేయలేదు, మొదటి పదుల కేసుల్లో పట్టుకుంటాం అనే ఊహ నిజం కాలేదు.

అందుకే ముందస్తు చర్య లాక్‌డౌన్ రోజున మొదలవదు, అంతకు చాలా ముందే మొదలవుతుంది. దక్షిణ కొరియాలో 2015లో మెర్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు, టెస్టులు సరిపోలేదు. ఆ తర్వాత ఎమర్జెన్సీలో టెస్ట్ కిట్లకి త్వరగా అనుమతి ఇచ్చేలా చట్టం మార్చుకున్నారు. 2020 జనవరి 27న, దేశంలో కోవిడ్ కేసులు నాలుగే ఉన్నప్పుడు, సియోల్ రైల్వే స్టేషన్‌లో ఒక గదిలో అధికారులు కిట్లు తయారుచేసే కంపెనీలని కూర్చోబెట్టి పని మొదలుపెట్టమన్నారు, మొదటి కిట్‌కి ఫిబ్రవరి 4న అనుమతి వచ్చింది. తైవాన్‌లో 2019 డిసెంబర్ 31నే వూహాన్ నుంచి వచ్చిన విమానాల్లోకి ఎక్కి ప్రయాణికులని చూడడం మొదలుపెట్టారు, అదే రోజు వూహాన్‌లో అంతుచిక్కని న్యుమోనియా ఉందని ప్రపంచానికి తెలిసింది. జనం లక్షణాలతో ఆస్పత్రికి రాకముందే వైరస్ జాడ మురుగునీటిలో కనిపిస్తుంది, పోలియో కోసం ఎన్నో ఏళ్లుగా చేస్తున్న ఈ పరీక్షని కోవిడ్ తర్వాత చాలా దేశాలు మిగతా జబ్బులకీ వాడుతున్నాయి. దాని వల్ల నాలుగు రోజులు ముందు తెలిసిందంటే, నాలుగు రోజులకి రెట్టింపయ్యే జబ్బులో సగం కేసుల దగ్గరే మన పని మొదలవుతుంది.